బోను కొనేముందు వీడియో తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు తమ నాలుగేళ్ల లాబ్రడార్ ఇల్లు పీకి పందిరేస్తోందని ఒక పాఠకురాలు అడిగితే, మీ ఆదివారం పేజీలో జవాబు రెండు ముక్కల్లో ముగిసింది: పెద్ద బోను కొనండి, ఆఫీసుకు వెళ్లేటప్పుడు అందులో పెట్టి గొళ్లెం వేయండి. ఈ సలహా కొన్ని కుక్కలకు బాగానే పనిచేస్తుంది. ఇంకొన్నింటికి కోరపళ్లు విరుగుతాయి, గోళ్లు ఊడుతాయి, మే నెలలో అయితే ప్రాణమే పోవచ్చు. మన కుక్క వీటిలో ఏ బాపతో తేల్చుకోవడానికి కావలసింది 40 నిమిషాల వీడియో. షాపుకు వెళ్లడం ఆ తర్వాతి మాట.

వీడియోకి కొత్త కెమెరా అక్కర్లేదు. మూల పడేసిన పాత స్మార్ట్‌ఫోన్ చాలు. హాలూ, వీధి తలుపూ రెండూ కనపడేలా దాన్ని టీవీ పక్కన నిలబెట్టి రికార్డింగ్ నొక్కండి. వీడియో కాల్ పెట్టుకుని బయటి నుంచి చూడగలిగితే ఇంకా మేలు, కుక్క మరీ గాబరా పడుతుంటే అక్కడితో ఆపి వచ్చేయొచ్చు. ఇక రోజూ చేసే పనులే అదే వరసలో చేయండి: బూట్లు, హెల్మెట్, టిఫిన్ బాక్సు, తాళం, లిఫ్టు. మెట్ల మీద నిలబడి చెవి ఒగ్గితే లాభం లేదు, మీరక్కడే ఉన్నారని కుక్కకు వాసనే చెబుతుంది. గేటు దాటి వెళ్లిపోండి. బయల్దేరేముందు ఒక పళ్లెంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు నాలుగు నేల మీద పెట్టండి. మాంసం వండని ఇల్లయితే పనీర్ ముక్కలు. సగం జవాబు ఆ పళ్లెంలోనే దొరుకుతుంది.

భయపడే కుక్క ఆ పళ్లెం ముట్టుకోదు. తలుపు మూసిన ఐదు పది నిమిషాల్లోనే, మహా అయితే అరగంటలోపు, దాని అవస్థ మొదలవుతుంది. తలుపు దగ్గరికీ కిటికీ దగ్గరికీ అదే దారిలో తిరుగుతుంది. ఎండ లేకపోయినా రొప్పుతుంది, గడ్డం కింద చొంగ కారి నేల తడుస్తుంది. మధ్యమధ్య మొరుగుడు కాదు, సాగదీసిన ఊళ. అప్పుడే షికారు చేసొచ్చినా ఒకటికో రెంటికో పోతుంది. నష్టం ఎక్కడ జరిగిందో చూడండి: తలుపు చెక్క అంచు, గడప, దోమల జాలీ, కర్టెన్ కింది భాగం. అంటే బయటికి దారి ఉన్న చోటల్లా. మీరు తిరిగొచ్చాక, ఎగిరి గెంతి మీద పడ్డాక, అప్పుడు వెళ్లి ఆ చికెన్ తింటుంది. దీన్నే డాక్టర్లు సెపరేషన్ యాంగ్జయిటీ అంటారు. మనిషికి ఊపిరాడనట్టు అనిపించే గాబరా ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పొద్దుపోని కుక్క వీడియో వేరేగా ఉంటుంది, చూస్తే నవ్వు కూడా వస్తుంది. తలుపు వైపు ఒకసారి చూసి, పళ్లెం ఖాళీ చేసి, మీరు కూర్చోనివ్వని సోఫా ఎక్కి ముప్పావుగంట నిద్రపోతుంది. లేచాక ఒళ్లు విరుచుకుని పని మొదలుపెడుతుంది. ముందు చెత్తబుట్ట, తర్వాత చెప్పుల స్టాండు, ఆ తర్వాత కుషన్ మూల పట్టుకుని దూది లాగడం. తోక ఊపుతూనే చేస్తుంది, అలిసిపోతే మళ్లీ పడుకుంటుంది. దీని రికార్డింగు 40 నిమిషాల దగ్గర ఆపేస్తే అసలు నాటకం చూడలేరు. కాబట్టి మొదటి వీడియోలో గాబరా ఏమీ కనపడకపోతే రెండోసారి రెండు గంటలది తీయండి. ఇక మూడో రకం కుక్క నిజానికి ఒంటరితనం వల్ల అల్లరి చేయదు. లిఫ్టు శబ్దానికి, కొరియర్ అబ్బాయికి, బాల్కనీలోంచి కనపడే వీధి కుక్కలకు నిమిషంసేపు అరిచి ఊరుకుంటుంది. దానికి బోనూ వద్దు మందూ వద్దు. బాల్కనీ తలుపు మూసి, కర్టెన్ దించి, ఫ్యానుతో పాటు రేడియో పెట్టి వెళ్లండి.

చాలా ఇళ్లలో వీడియో దాకా రానివ్వని అడ్డంకి ఒకటుంది: 'మేం వదిలేసి వెళ్లామని పగబట్టి చేస్తోంది. తిరిగొచ్చాక చూడండి, తప్పు చేసినట్టు తల దించుకుంటుంది.' ఆ తల దించుకోవడం మీద 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కలతో ఒక ప్రయోగం ప్రచురించారు. తినొద్దన్న బిస్కెట్ కుక్క తిన్నదో లేదో యజమానికి కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. కుక్క ఆ ముఖం పెట్టడానికీ, అది తప్పు చేయడానికీ సంబంధం తేలలేదు. యజమాని తిట్టినప్పుడు ఆ ముఖం ఎక్కువగా కనపడింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే ఎక్కువ ముడుచుకుపోయాయి. ఇంటికొచ్చి చిరిగిన కుషన్ ముక్కు ముందు పెట్టి కొడితే కుక్కకు తెలిసేది ఒక్కటే, మీరు తలుపు తీస్తే దెబ్బలు పడతాయని. మర్నాడు మీరు వెళ్లినప్పుడు దాని గుండె ఇంకాస్త ముందే కొట్టుకుంటుంది.

పెద్ద కుక్క విషయంలో ఇంకొకటి చూడాలి. మూడేళ్లో ఆరేళ్లో ఇంట్లో శుభ్రంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మూత్రం పోస్తుంటే అది అల్లరి అని తీర్మానించకముందే మూత్రపరీక్ష, రక్తపరీక్ష చేయించండి. మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్, షుగర్, కిడ్నీ జబ్బు, వీటిలో ఏదైనా ఉండొచ్చు. గర్భసంచి తీయించని ఆడకుక్క ఎదకొచ్చిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ నీరసంగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అదేరోజు చూపించాలి, మర్నాటికి వాయిదా పనికిరాదు. చర్మం దురదకు ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్ర వాడుతున్న కుక్కకు దాహమూ ఎక్కువే, మూత్రమూ ఎక్కువే. దాన్ని నాలుగు గంటలు బోనులో పెడితే తన పడక మీదే పోసుకుని అందులోనే కూర్చోవాల్సి వస్తుంది. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ సర్వసాధారణం, నీరసం, కీళ్ల నొప్పులు తెస్తుంది. ఒళ్లు నొప్పులున్న కుక్క ఒంటరిగా ఉండటానికి మరీ జంకుతుంది. ఎనిమిది తొమ్మిదేళ్లు దాటినవాటిలో కొన్నింటికి ముసలితనంలో మనుషులకు వచ్చే మతిమరుపు లాంటిదే వస్తుంది. రాత్రి పగలు తేడా మరిచి, తలుపు తెరుచుకునే వైపు కాక బందుల వైపు నిలబడి, మూలల్లో ఇరుక్కుని అరుస్తుంది. వీటిలో దేనికీ బోను మందు కాదు.

ఇప్పుడు అసలు తీర్పు. వీడియోలో గాబరా కనిపించిన కుక్కను బోనులో పెట్టి తాళం వేయొద్దు. సోఫా మిగులుతుంది, నిజమే. కానీ ఆ భయం ఎక్కడికీ పోదు, పారిపోవడానికి ఉన్న కొద్దిపాటి చోటు కూడా పోతుంది. ఇంతసేపూ తలుపు గీకిన గోళ్లు ఇప్పుడు కమ్మీల సందున ఇరుక్కుని మొదట్లోంచి ఊడతాయి. కమ్మీని కోరపళ్లతో పట్టి వెనక్కి లాగుతుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ లాగడం వల్ల కోరపళ్ల వెనక వైపు ముందు అరుగుతుంది, తర్వాత ఓ రోజు పన్ను టక్కున విరుగుతుంది. మూతి మీద వెంట్రుకలు రాలి, చర్మం కమ్మీల గీతల్లా ఎర్రబడుతుంది. మీ కుక్క ఇప్పటికే బోనులో ఉంటోందా? ఈ సాయంత్రం దాని పెదవి ఎత్తి కోరల వెనక భాగం చూడండి, ముక్కు వంతెన మీద వేలు పెట్టి చూడండి. వీడియో చెప్పకపోయినా ఇవి చెబుతాయి.

ఇలాంటి కుక్కకు వైద్యం వేరు. మొదటి షరతు కష్టమైనదే: అది అలవాటు పడేదాకా దాన్ని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు, పక్కింటివాళ్లు, పగటిపూట చూసుకునే బోర్డింగ్, ఒకరు పొద్దున షిఫ్టు ఒకరు సాయంత్రం షిఫ్టు, ఏదో ఒక సర్దుబాటు చూసుకోవాలి. ఈలోగా రోజుకో పావుగంట సాధన. కుక్క తాళాల చప్పుడుకే లేచి నిలబడుతుంటే తాళాలు తీసుకుని సోఫాలో కూర్చుని పేపర్ చదవండి. రోజుకు ఏడెనిమిది సార్లు అలా చేస్తే ఆ చప్పుడుకు విలువ పోతుంది. ఆ తర్వాత తలుపు తీసి మూయడం. తర్వాత బయట నిలబడి మూడు సెకన్లు. పది సెకన్లు. మళ్లీ ఐదు. ఒక నిమిషం. ప్రతిసారీ పెంచుకుంటూ పోవద్దు, మధ్యలో తగ్గిస్తుండాలి. లేకపోతే ప్రతిసారీ మునుపటికన్నా ఎక్కువసేపే అని కుక్క కనిపెట్టేస్తుంది. కుక్క లేచి తలుపు దగ్గరికొచ్చి రొప్పిందంటే ఆ మెట్టు దానికి పెద్దదైంది, సగానికి తగ్గించండి. మొదటి 40 నిమిషాలదే గొడవంతా. అది నిదానంగా దాటాక గంట, గంటన్నర త్వరగానే వస్తాయి.

అవస్థ తీవ్రంగా ఉంటే మందు తోడు కావాలి. ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ ఈ జబ్బుకు వాడే మందులు. కుక్కల కోసం చేసిన ఫ్లూఆక్సెటిన్ మాత్రకు అమెరికా ప్రభుత్వం 2007లో అనుమతి ఇచ్చింది. నాలుగు నుంచి ఆరు వారాలు వాడితేగానీ గుణం కనపడదు, పది రోజులకే మానేసి 'పనిచేయలేదు' అనుకునేవాళ్లే ఎక్కువ. మన ఊళ్లలో ప్రత్యేకంగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. పిడుదులకు ఒంటికి పట్టించే అమిట్రాజ్ ద్రావణంతో ఈ మందులు కలవకూడదు, విషమవుతుంది. ఫిట్స్ వచ్చే కుక్కకు ఫ్లూఆక్సెటిన్ సరిపడదు. ఈ రెండు సంగతులూ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఎవరో వాడారని మత్తు మాత్ర వేయడం మరీ తప్పు. ఎసిప్రోమజైన్ వంటిది ఒంటిని పడుకోబెడుతుంది గానీ భయాన్ని తగ్గించదు. కాళ్లు కదలని కుక్కకు లోపల గుండె అలాగే దడదడలాడుతూ ఉంటుంది. ఇంకో కుక్కను తోడు తెస్తే సరిపోతుందనుకోవడమూ చాలాసార్లు తప్పుతుంది, ఎందుకంటే అది బెంగ పెట్టుకున్నది మనిషి కోసం, ఇంకో కుక్క కోసం కాదు.

ఇక బోను పనికొచ్చే కుక్క. చికెన్ తిని, నిద్రపోయి, తీరిగ్గా చెప్పులు నమిలే బాపతు. దీనికి కూడా బోను వాడేది ఇంట్లో కుదురుగా ఉండటం అలవాటు అయ్యేదాకానో, వైరు కొరకడం, గుడ్డముక్కలు మింగడం లాంటి ప్రాణాపాయపు అలవాటు వదిలేదాకానో మాత్రమే.

కొలత ఇలా తీసుకోండి. నిలబెట్టి ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా టేపు పెట్టి 4 అంగుళాలు కలపండి, అది బోను పొడవు. కూర్చోబెట్టి నేల నుంచి నెత్తి దాకా కొలిచి మరో 4 అంగుళాలు కలిపితే ఎత్తు. తల వంచకుండా నిలబడాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్లు చాపి పక్కకు పడుకోగలగాలి. షాపుల్లో పొడవును బట్టే సైజు చెబుతారు. పగ్‌కు 24 నుంచి 30 అంగుళాలు, బీగిల్‌కు 30 నుంచి 36, పదిహేను ఇరవై కిలోల దేశవాళీ కుక్కకు 36, లాబ్రడార్‌కు 42, పెద్ద జర్మన్ షెపర్డ్‌కు 48 పడతాయి. ఒళ్లూ జాతీ చూసి అంచనా వేయకుండా టేపుతోనే పోవాలి.

మన మార్కెట్లో దొరికే చాలా బోనులకు అడుగున కూడా కమ్మీల జల్లెడే ఉంటుంది, దాని కింద ట్రే. ఊడ్చుకోవడానికి మనకు వీలు. కుక్క పాదాలకు మాత్రం పుండ్లు పడతాయి, వేళ్లు ఇరుక్కుంటాయి. ఆ జల్లెడ తీసేసి ట్రే పైకి పెట్టండి, వీల్లేకపోతే దళసరి రబ్బరు మ్యాటు పరచండి. టైల్స్ మీద ట్రే ప్రతి కదలికకూ టంగుమంటుంది, ఆ చప్పుడుకే సగం కుక్కలు లోపలికి రావు. బోను కింద పాత జంపఖానా మడిచి వేస్తే ఆ గోల పోతుంది. గొళ్లేలు పైనా కిందా రెండు ఉండాలి. ఒక్కటే ఉంటే తలుపు కింది మూల తోస్తే వంగుతుంది, ఆ సందులోంచి తల బయటికి వచ్చి మెడ ఇరుక్కుంటుంది. లోపలికి పంపేముందు మెడపట్టీ, గొలుసు, హార్నెస్ అన్నీ తీసేయండి. మెడపట్టీకి వేలాడే లైసెన్సు బిళ్ల కమ్మీలో చిక్కుకుంటే కుక్క వెనక్కి లాగుతుంది, లాగినకొద్దీ ఉరి బిగుసుకుంటుంది.

అలవాటు చేయడం మూడు నుంచి ఆరు వారాల పని. కుక్కపిల్ల అయితే ఇంకా త్వరగా నేర్చుకుంటుంది. పెద్దదానికి గతం ఉంటుంది, అందులోనూ కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవాళ్ల దగ్గర బోనులోనే పెరిగి వచ్చినదైతే పడక మీదే పోసుకోవడం దానికి మామూలైపోయి ఉంటుంది. మొదటి మూడు రోజులు తలుపు కదలకుండా తాడుతో వెనక్కి కట్టేయండి. అన్నం గిన్నె మొదట బోను ముందు, తర్వాత గడప లోపల, ఆ తర్వాత వెనక గోడ దాకా జరపండి. నాలుగు కాళ్లూ లోపల పెట్టి తింటోందంటే తలుపు దగ్గరకు వేయడం మొదలుపెట్టొచ్చు, గిన్నె ఖాళీ కాకముందే తెరిచేయాలి. గిన్నె ఖాళీ అయ్యాక ఒక నిమిషం, మూడు, ఐదు, పది. మొదట పక్కనే కూర్చుని, తర్వాత వంటింట్లో, తర్వాత స్నానాల గదిలో, తర్వాత వీధి తలుపు అవతల. కుదురుకున్న కుక్క ఒక తుంటి మీద వాలి, గడ్డం నేలకు ఆనించి, కళ్లు మూస్తుంది. కుదురుకోనిది సింహంలా నిటారుగా కూర్చుని తలుపు వైపే చూస్తుంది, మాటిమాటికీ ఆవులిస్తుంది, పెదవులు నాకుతుంది. ఇవి కనిపిస్తే అరిచేదాకా ఆగకుండా ముందే తెరవండి. 'ఏడిస్తే ఏడవనీ, అలవాటవుతుంది' అనేవాళ్లు ఉన్నారు. చిన్న కుయ్‌కుయ్‌లు అరనిమిషంలో ఆగితే సరే. గొంతు పెరుగుతూ పోతుంటే అది అలవాటు కావడం కాదు, అలిసిపోవడం.

లోపల ఏదో పని ఉండాలి కదా. బోలు రబ్బరు బొమ్మలో ఉప్పు లేని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడి ముక్క, చికెన్ పీచు కూరి రాత్రి ఫ్రీజర్‌లో పెడితే పొద్దున నాకడానికి అరగంట పడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దు. కొన్ని పీనట్ బటర్లలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, కుక్కకు అది విషం, సీసా మీద చదివి కొనండి. వండిన ఎముక చీలికలై గొంతులో దిగుతుంది, చూసేవాళ్లు లేనప్పుడు అసలే ఇవ్వకూడదు. బోనులో పెట్టేముందు అరగంట ముప్పావుగంట నడక, అది కూడా లాక్కుపోయే నడక కాదు, వాసన చూడనిచ్చే నడక. ఇంటికొచ్చాక పావుగంట చల్లబడనివ్వాలి.

ఎన్ని గంటలు? పగలు ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు నాలుగు గంటలు. ఆ తర్వాత ఎవరో ఒకరొచ్చి బయట తిప్పాలి. తొమ్మిది గంటల ఆఫీసూ రెండు గంటల ట్రాఫిక్కూ కలిస్తే పదకొండు గంటలు. ఈ లెక్కకు ఏ బోనూ సరిపోదు, బోను ఎంత పెద్దదైనా. మధ్యాహ్నం పనమ్మ గానీ, వాచ్‌మన్ ఇంట్లోవాళ్లు గానీ, డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి గానీ వచ్చే ఏర్పాటు లేకపోతే బోను ఆలోచన విరమించుకోండి. డాలస్‌లో ఉన్న బంధువులు 'మా కుక్క పొద్దంతా క్రేట్‌లోనే ఉంటుంది' అంటారు. అక్కడ అలవాటే అది. స్వీడన్, ఫిన్లాండ్‌లలో ప్రయాణం, జబ్బు లాంటి సందర్భాలు తప్ప ఇంట్లో రోజూ బోనులో పెట్టడం చట్టరీత్యా కుదరదు. అక్కడి ఇళ్లలో జనం ఆఫీసులకు వెళ్లట్లేదా, కుక్కల్ని పెంచట్లేదా?

అదీగాక డాలస్ ఇంట్లో రోజంతా ఏసీ నడుస్తుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే మూడో అంతస్తు ఫ్లాట్ ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పనక్కర్లేదు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక మీది తడి ఆరితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. అందుకే దానికి ఫ్యాను గాలి మనకు పనిచేసినంత పనిచేయదు. విశాఖలో 35 డిగ్రీలకే ఉక్కపోతలో ఆ తడి ఆరదు. వదిలేసిన కుక్క మార్బుల్ నేల వెతుక్కుని స్నానాల గదిలోకి పోతుంది. బోనులో ఉన్నది ఎక్కడికి పోతుంది? పగ్, షిట్జు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను మార్చి నుంచి జూన్ దాకా ఇన్వర్టర్ మీద నడిచే చల్లదనం లేకుండా గొళ్లెం వేసి వదలడం ప్రమాదం. మిగతావాటికీ బోను మీద దుప్పటి కప్పొద్దు, పడమటి కిటికీ దగ్గర పెట్టొద్దు, నీళ్ల గిన్నె కమ్మీకి మర బిగించేది కొనండి, ఒకటి ఒలికినా రెండోది ఉండేలా రెండు. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. ఇంటికొచ్చేసరికి చిగుళ్లు ఎర్రగా, తూలుతూ, ఆగకుండా రొప్పుతుంటే ముందు కుళాయి నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాను కింద పెట్టండి. ఒళ్లు చల్లబరుస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కారు తెచ్చాక చూద్దామంటే ఆలస్యమవుతుంది.

బోనుకు బదులు ఒక గది చాలామందికి సరిపోతుంది. పడకగది తలుపుకు చిన్నపిల్లల కోసం అమ్మే అడ్డగేటు బిగించి, చెప్పులు, వైర్లు, దోమల మందు ప్లగ్గు, ఎలకల మందు, ఫినాయిల్ సీసా తీసేయాలి. వంటిల్లయితే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేయడం మరవొద్దు, పొయ్యి మీదికి ముందుకాళ్లు వేసిన కుక్క నాబ్ తిప్పేయగలదు. బాల్కనీలో కట్టేయడం మాత్రం అన్నింటికన్నా అధ్వాన్నం. ఎండ, గ్రిల్ సందులు, కిందపోయే ప్రతి మనిషినీ చూసి అరుపులు. పాత మూత్రపు మచ్చలను ఫినాయిల్‌తో కడిగితే మన ముక్కుకే వాసన పోతుంది, కుక్క ముక్కుకు పోదు, మళ్లీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ క్లీనర్ వాడాలి.

చట్టం గురించి కూడా ఒక మాట. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం కదలడానికి చోటు చాలని బోనులో జంతువును ఉంచడం నేరం. కుక్కను ఎప్పుడూ గొలుసుతో కట్టేసో ఇరుకులో ఉంచో, తగినంత తిప్పకపోవడం కూడా అదే సెక్షన్‌లో విడిగా రాసిన నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, దానికి భయపడేదెవరు గానీ నేరం నేరమే. ఇక అపార్ట్‌మెంట్ సంఘం నోటీసుకు భయపడి కరెంటు షాకు కొట్టే మెడపట్టీ కొంటున్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మొరుగుడును సాకుగా చూపి పెంపుడు కుక్కను నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఆపకుండా అరిచే కుక్కను, ముఖ్యంగా రాత్రిపూట, ఊరుకోబెట్టే ప్రయత్నం చేయాలనీ అందులోనే యజమానులకు చెప్పారు. భయంతో ఊళ వేసే కుక్కకు షాకు కొడితే భయం రెట్టింపవుతుంది.

బోనే సరైనదని తేల్చుకున్నవాళ్లకు చివరి ఏర్పాటు. ఫ్లాట్ తాళం చెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి ఉంచండి. బోను రెండు గొళ్లేలూ ఎలా తీయాలో వాళ్లను పిలిచి ఒకసారి వాళ్ల చేతే తీయించండి. గొళ్లెం పిడి ముందు పైకెత్తాలి, తర్వాత పక్కకు లాగాలి. గాబరాలో ఉన్న మనిషి ముందు లాగుతాడు, అది రాదు.

ఇట్లు,
పెంపుడు కుక్కలకు వైద్యం, శిక్షణ వృత్తిగా ఉన్న కొందరం,
హైదరాబాద్